మరి ఆ చేపలు ఎవరు కోశారు?

వెర్లీన్ టబ్స్ కూర్చుని ఉండగా చూసినవాళ్ళు మా మిసిసిపీ డెల్టాలో చాలా తక్కువ. పనిరోజుల్లో చేపల ఫ్యాక్టరీలో కత్తి పట్టుకుని నిలబడేది. ఆదివారం చర్చిలో తెల్ల గౌను, తెల్ల తొడుగులు వేసుకుని, ఎడమ చెయ్యి నడుం వెనక్కి పెట్టుకుని, తలుపు దగ్గర నిలబడేది. వచ్చినవాళ్ళకి చోటు చూపించే మనిషి ఆరాధన ముగిసేదాకా కూర్చోకూడదని మా చర్చిలో పట్టింపు. ప్రసంగం సాగదీయడంలో మా పాస్టరుగారిని మించినవాడు రాష్ట్రం మొత్తం గాలించినా దొరకడు. అయినా ఆమె మోకాలు వంగేది కాదు. తోటివాళ్ళెవరైనా సోలిపోయి గోడకి ఆనుకుంటే కళ్ళతోనే ఒక చురక వేసేది.

ఒళ్ళు దాచుకోని మనిషిని జబ్బు ముట్టుకోదని ఆమె నమ్మకం. వాళ్ళమ్మ పత్తిచేలల్లో అలాగే బతికింది, అలాగే పోయింది. ఇలాంటి నమ్మకాలు ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్ళూ ముచ్చటగానే ఉంటాయి. సత్తువ పోయాక అవే మెడకి చుట్టుకుంటాయి.

చెరువుల నుంచి లారీల్లో ప్రాణాలతో వచ్చిన క్యాట్‌ఫిష్‌కి తలా తోలూ పేగులూ ముందు వరుసల్లోనే పోయేవి. వెర్లీన్ నిలబడే వరుసకి వచ్చేసరికి మిగిలేది ముల్లూ కండా. ముల్లుకి రెండు పక్కలా కత్తి దూసి కండ విడదీయాలి. కింద నీళ్ళు, చుట్టూ చలి, ఎదురుగా ఆగకుండా కదిలే బెల్టు. ఒక్కొక్కరి ముందూ ఒక తట్ట, ఆ తట్టకి వాళ్ళ నంబరు. తట్ట నిండాక కాటా ఎక్కుతుంది. ఎవరి నంబరు మీద ఎంత బరువు తూగిందో కంప్యూటర్లో పడుతుంది. బరువు తగ్గితే సూపర్‌వైజరు వచ్చి వెనక నిలబడతాడు. తగ్గుతూనే ఉంటే ఇంటికి పంపుతాడు. పనికి రాకపోతే పాయింటు. జ్వరంతో ఆగిపోయినా, జూదానికి పోయినా అదే పాయింటు. పాయింట్లు నిండితే ఉద్యోగం ఊడినట్టే.

అందుకే ఆ వరుసలో ఆడవాళ్ళకి ఒక కట్టుబాటు ఉండేది. దాన్ని వాళ్ళు 'ఎత్తుకోవడం' అనేవారు. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఇంట్లో పడుకుని పాయింటు తెచ్చుకోనక్కరలేదు. వచ్చి తన చోట నిలబడి, కత్తి ఆడిస్తున్నట్టు కనిపిస్తే చాలు. అటువైపువాళ్ళూ ఇటువైపువాళ్ళూ తాము కోసిన ముక్కల్లో కొన్ని సూపర్‌వైజరు కన్నుగప్పి ఆ తట్టలో పడేసేవారు. చంటిపిల్లని ఒకరి చంకలోంచి ఒకరు అందుకున్నట్టు ఆ మనిషిని పొద్దుగూకేదాకా దాటించేవారు. ఒకరి తట్టలోది ఇంకొకరి తట్టలో వేసినట్టు తెలిస్తే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. కాబట్టి ఆ మాట వరుస దాటి బయటికి వచ్చేది కాదు. కట్టుకున్న మొగుళ్ళకి కూడా చెప్పేవారు కాదు.

వెర్లీన్ ఎత్తుకున్నంతమందిని ఆ ఫ్యాక్టరీలో ఇంకెవరూ ఎత్తుకోలేదు. పక్కన నిలబడే క్లోటీకి భర్త పోయినప్పుడు, చేతిలో కత్తి ఉండి కూడా కళ్ళకి చేప ఆనని ఆ రోజుల్లో, ఇద్దరి పనీ వెర్లీనే చేసింది. క్లోటీకి నోరు ఎక్కువ. ఊళ్ళో ఆమె మాట పడనివాళ్ళు లేరు. ఆ నోటితోనే వెర్లీన్ పేరు మాత్రం దేవుడి పేరు తలుచుకున్నట్టు తలుచుకునేది.

అలాంటి వెర్లీన్ చేతులు ఒక వసంతంలో మొరాయించాయి. పొద్దున లేస్తే వేళ్ళు ముడుచుకునేవి కావు. వేడినీళ్ళ కింద పెట్టి పెట్టి, చొక్కా గుండీలు పెట్టుకునేపాటికి బస్సు టైమయ్యేది. కణుపులు వాచిపోయాయి. ఎంత పడుకున్నా అలసట తీరేది కాదు. ముక్కు మీదుగా రెండు బుగ్గల మీదికీ ఒక నల్లటి మచ్చ పాకింది.

“ఏంటే వెర్లీనూ, నీ కత్తి చేపని కోస్తందా, జోకొడతందా?” అంది క్లోటీ ఒకరోజు.

“చలికి వేళ్ళు బిగిసినయ్. అదే పోద్దిలే.”

“ఈ చలి మనకి కొత్తా ఏంటే? ఆ మొహం చూసుకో, మసిగుడ్డతో తుడుచుకున్నట్టుంది. డాక్టరు దగ్గరికి పోరాదూ?”

“పోతే పాయింటు. పోయినా ఆయన చెప్పేదేంటంట? వయసైపోయింది, ఒళ్ళు తగ్గించు అంటాడు. ఆ మాట నువ్వు రోజూ ఊరికే చెప్తానే ఉన్నావుగా.”

క్లోటీ పకపకా నవ్వింది. నవ్వుతూనే తను కోసిన ముక్కొకటి పక్క తట్టలోకి జార్చింది. ఆరోజు నుంచి వెర్లీన్‌ని ఎత్తుకున్నారు.

క్లినిక్ తెరిచి ఉండే వేళల్లోనే బెల్టూ నడుస్తుంది. అందుకని వెర్లీన్ ఇంట్లోనే కీళ్ళకి మందునూనె రాసుకుంది, ఉప్పునీళ్ళలో కాళ్ళు పెట్టుకుంది, వెనిగర్ తాగింది. అసలు లేవలేని రోజులూ వచ్చాయి. అప్పుడు కూడా రెండు రోజులకి మించి పడుకునేది కాదు. మూడో రోజు గోడ పట్టుకుని లేచేది. తను లేకపోతే తన చోటు ఖాళీగా ఉంటుంది, ఆ చేపలన్నీ పక్కవాళ్ళ మీద పడతాయి. వాళ్ళని అంత కష్టపెట్టడం ఆమెకి ఇష్టం లేదు. ఉన్నచోటికి వచ్చి, ఉత్త కత్తి ఊపుతూ నిలబడి, అంతకంటే ఎక్కువ కష్టపెడుతున్నానన్న సంగతి ఆమె బుర్రకి తట్టలేదు. వాళ్ళకీ తట్టలేదు. ప్రేమ ఉన్నచోట లెక్క ఎవరు చూస్తారు?

లెక్క చూడకపోవడం వల్లే నవంబరులో ఆ తమాషా జరిగింది. వరుసలో ఐదుగురు ఎవరికి వాళ్ళే, పాపం పక్కవాళ్ళు తక్కువ వేస్తున్నారేమోనని, వెర్లీన్ తట్టలో ఒక ముక్క ఎక్కువే వేస్తూ వచ్చారు. నెలాఖరుకి చూస్తే ఆ వరుసలో అందరికంటే ఎక్కువ బరువు వెర్లీన్ నంబరు మీద తూగింది! కంపెనీవాళ్ళు ఆమెకి పెద్ద పంది తొడ బహుమానం ఇచ్చారు. సూపర్‌వైజరు పక్కన నిలబెట్టి ఫోటో తీసి కారిడార్లో తగిలించారు. ఆ తొడని క్లోటీ ఇంట్లో ఆకుకూరతో, మొక్కజొన్న రొట్టెతో కలిసి తిన్నారు.

“ఒక్క చేప కొయ్యకుండా పంది తొడ గెలిచావు కదే! కోస్తే ఏకంగా ఫ్యాక్టరీ రాసిచ్చేవాళ్ళేమో!” అంది క్లోటీ.

అందరూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. వెర్లీన్ కూడా నవ్వింది. ఆమెకి ఫోర్కు పట్టుకోవడం కుదరక, ఆమె ముక్కలు క్లోటీయే కోసి పెట్టింది.

కొత్త సంవత్సరం వచ్చాక ఒకరోజు వెర్లీన్ మంచం దిగలేకపోయింది. ఒళ్ళు కాలిపోతోంది, ఊపిరి అందడం లేదు. క్లోటీ తనకి పాయింటు పడితే పడిందని పని మానేసి, ఆమెని కారులో వేసుకుని క్లినిక్‌కి తీసుకెళ్ళింది. అక్కడ డాక్టరు బదులు రోగుల్ని చూసే నర్సు రక్తం తీసింది, కాళ్ళు నొక్కి చూసింది, బుగ్గల మీద మచ్చని చాలాసేపు చూసింది. వారం తిరక్కుండా పిలిచి చెప్పింది, ఇది లూపస్ అని. ఒంటికి కాపలా కాయాల్సిన శక్తే ఒంటిమీద తిరగబడే జబ్బు. కీళ్ళని ఎప్పుడో పట్టింది, ఇప్పుడు కిడ్నీల మీద పడింది.

“ఇంత జబ్బు పెట్టుకుని ఇన్నాళ్ళు పని ఎట్లా చేశావమ్మా?” అని అడిగింది నర్సు.

వెర్లీన్ వాచిన చేతులు ఒళ్ళో దాచుకుంది.

“పోనీలే. దీనికో చట్టం ఉంది. పెద్ద జబ్బయితే జీతం లేకుండా సెలవు ఇస్తారు, ఉద్యోగం అట్టిపెడతారు. ఆ రోజులకి పాయింట్లు వెయ్యకూడదు. నేను రాసిస్తా, ఆఫీసులో ఇవ్వు.”

కిందటి వసంతం నుంచే ఈమె చేతులు కత్తి పట్టుకునే స్థితిలో లేవని నర్సు రాసింది. అది చదివి వెర్లీన్ ఏడ్చింది. భయంతో కాదు. ఇన్నాళ్ళూ రాత్రిళ్ళు తనని తానే తిట్టుకునేది, బద్ధకం పట్టుకుంది నీకు, నడుం వంగడం లేదు నీకు అని. కాదని ఇప్పుడొకరు చెప్పారు. ఆ మాట కోసం ఎంత మొహం వాచి ఉందో ఆమెకే అప్పటిదాకా తెలియదు.

అప్పటికే పాయింట్లు నిండిపోయాయి. ఆ గైరుహాజర్లు పెద్ద జబ్బు కింద జమ అయితే ఉద్యోగం ఉంటుంది, దాంతోపాటు మందుల ఇన్సూరెన్సూ ఉంటుంది. లేకపోతే రెండూ పోతాయి.

ఆఫీసులో మిసెస్ డెన్‌హామ్ కుర్చీ చూపించింది. వెర్లీన్ కూర్చుంది. ఈ డెన్‌హామ్ చెడ్డ మనిషి కాదు. చెడ్డ మనిషైతే తిట్టుకునైనా తృప్తిపడేవాళ్ళం.

“వెర్లీన్ గారూ, మీకు జబ్బు లేదని నేను అనడం లేదు. చట్టం దాన్ని పెద్ద జబ్బంటుందా లేదా, అదీ ఇప్పుడు చూడాల్సింది. ఆసుపత్రిలో ఒక రాత్రైనా ఉంచారా?”

“లేదు మేడమ్.”

“వరసగా మూడు రోజులు దాటి మంచంలో ఉండి, డాక్టరుకి చూపించుకున్నారా?”

“మూడో రోజు లేచి పనికొచ్చేదాన్ని మేడమ్.”

“ఎందుకొచ్చారు?”

పనికి ఎందుకొచ్చావని ఆ ఫ్యాక్టరీలో ఎవరైనా అడుగుతారని వెర్లీన్ కలలో కూడా అనుకోలేదు.

“పోనీ, వస్తూ పోతూ ఏళ్ళ తరబడి ఉండే జబ్బయినా లెక్కలోకి వస్తుంది. కానీ మధ్యమధ్యలో వెళ్ళి చూపించుకుంటూ ఉండాలి. మీరు మొదటిసారి వెళ్ళిందే ఇప్పుడు.” డెన్‌హామ్ నర్సు రాసిన కాగితం మీద వేలు పెట్టింది. “అయినా ఈ కాగితం గట్టిదే. దీన్ని పట్టుకుని పైవాళ్ళతో నేను మాట్లాడగలను. ఒక్కటే అడ్డం వస్తోంది. కిందటి వసంతం నుంచి మీరు కత్తి పట్టుకోలేరని ఇందులో ఉంది. నవంబరులో వరుస మొత్తానికీ ఎక్కువ బరువు మీది. బహుమానం కూడా ఇచ్చాం. మీ ఫోటో బయటే ఉంది. ఈ కాగితం నిజమైతే, మరి ఆ చేపలు ఎవరు కోశారు?”



నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాటతో తన జబ్బు జబ్బవుతుంది. కానీ క్లోటీకి ఇంట్లో ఇద్దరు మనవలు, వాళ్ళకి ఆమె తప్ప దిక్కులేదు. చివర నిలబడే రూబీ నెల్ మొగుడికి వారం వారం రక్తం శుద్ధి చేయించాలి, అదంతా రూబీ నెల్ ఇన్సూరెన్సు మీదే నడుస్తోంది. షవోండా ఇంకా చిన్నది, మొన్నమొన్ననే పనిలో చేరింది. 'వాళ్ళు కోశారు' అంటే ఒక్కొక్కరి పేరూ చెప్పాలి. చెప్పాక వాళ్ళ తట్టలు బోర్లించేస్తారు. వెర్లీన్ గుండెలో ఆ క్షణాన ఎవరి మీదా కోపం లేదు. ఆ పంది తొడ మీద తప్ప.

“నేనే కోశాను మేడమ్.”

డెన్‌హామ్ చూపు ఆమె ఒళ్ళో ఉన్న చేతుల మీదికి పోయింది. ఉడికిన దుంపల్లా ఉబ్బి ఉన్నాయవి.

“ఈ చేతులతోనా?”

“ఈ చేతులతోనే.”

“అంటే నర్సు రాసింది తప్పా?”

“ఆవిడదేం తప్పు లేదు మేడమ్. నేనే కాస్త ఎక్కువ చేసి చెప్పుకున్నానేమో.”

డెన్‌హామ్‌కి అర్థమయ్యే ఉంటుందని నా అనుమానం. ఆమె మళ్ళీ అడగలేదు. అడగకపోవడం దయో, ఒడుపో, ఇప్పటికీ తేల్చుకోలేను. మా డెల్టాలో జబ్బు పెద్దదా చిన్నదా అన్నది మనిషి పడ్డ బాధ చూసి తేల్చరు, దాన్ని చూసిన సాక్షుల్ని బట్టి తేలుస్తారు. వెర్లీన్ సాక్షులందరూ ఆమె నొప్పిని దాచిపెట్టినవాళ్ళే.

ఆ సాయంత్రం క్లోటీ ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది.

“నీకు మతుందా? నేనే కోశానని చెప్పొచ్చావా? దాంతోపాటు అబద్ధాలకోరునని కూడా చెప్పుకున్నావా? నా పేరు చెప్తే నేనేమన్నా చచ్చిపోతానా?”

“నీ మనవలు చస్తారు.”

“రేపు నేనే పోతా ఆఫీసుకి. ఎవరాపుతారో చూస్తా!”

“నువ్వు పోతే ఐదుగురూ పోతారే క్లోటీ. కూర్చో. అన్నం తిను.”

మర్నాడు క్లోటీ నిజంగానే వెళ్ళింది. ఆఫీసు తలుపు దాకా వెళ్ళి, పిడి మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే నిలబడి, తిరిగి వచ్చి వరుసలో తన కత్తి తను అందుకుంది. దాన్ని పిరికితనం అనేవాళ్ళు అనుకోండి, నేను మాత్రం అనను. ఆ తర్వాత ఆమె వెర్లీన్ గుమ్మం తొక్కడం మానేసింది. దుకాణంలో ఎదురుపడితే వేరే అరల సందులోకి తిరిగేది.

ఉద్యోగం పోయింది, ఇన్సూరెన్సు పోయింది. ఉన్న మాత్రల్ని వెర్లీన్ సగాలు చేసి వేసుకుంది. జాక్సన్ పట్నంలో పెద్ద డాక్టరుని చూడాల్సిన రోజు వచ్చి, వెళ్ళిపోయింది. ఎండలు ముదిరేసరికి పాదాలు చెప్పుల్లో పట్టడం మానేశాయి. చర్చికి మాత్రం వెళ్ళేది. ఒక ఆదివారం తెల్ల తొడుగులు వేసుకున్న అమ్మాయొకతె ఎదురొచ్చి, ఆమె మోచెయ్యి పట్టుకుని, వెనక బెంచీలో చోటు చూపించింది. ఆ బెంచీ మీద కూర్చుని వెర్లీన్ ప్రసంగంలో ఒక్క ముక్క వినలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. జబ్బుపడ్డందుకు సిగ్గుపడే మనిషి అంతకంటే ఏం చేస్తుంది?

ఆగస్టులో ఒక శనివారం షవోండా గిన్నెనిండా ఉడికించిన బొబ్బర్లు పట్టుకుని వచ్చింది. తీసుకొచ్చింది క్లోటీయే. లోపలికి రాకుండా వీధిలో కారులో కూర్చుంది.

“ఎట్లా ఉన్నావే పిల్లా?” అంది వెర్లీన్.

“బాగున్నా పెద్దమ్మా.”

“బాగుంటే ఆ పెదాలట్టా పాలిపోతయ్యా? నిజం చెప్పు.”

షవోండా గిన్నె మూత సర్దింది. “నెలనెలా వచ్చేది ఆగట్లేదు పెద్దమ్మా, చాన్నాళ్ళ బట్టీ. నిలబడితే కళ్ళు చీకట్లు కమ్ముతున్నయ్. మొన్న బెల్టు పట్టుకుని ఆగా.”

“చూపించుకున్నావా?”

“ఎప్పుడు చూపించుకోను? ఏం పర్లేదులే, వాళ్ళు ఎత్తుకుంటన్నారు. క్లోటీ పెద్దమ్మ నా తట్ట అసలు ఖాళీగా ఉండనియ్యట్లేదు.” ఆ మాట చెబుతూ ఆ పిల్ల మురిసిపోయింది. వరుసలో తనూ ఒకతె అయింది మరి.

వెర్లీన్ కుర్చీ చేతులు ఊతంగా లేచింది. తలుపు పట్టుకుని, గోడ పట్టుకుని, వరండా స్తంభం పట్టుకుని బయటికి వచ్చింది.

“క్లోటీ!”

కారు అద్దం సగం దిగింది. క్లోటీ రోడ్డు వైపే చూస్తోంది.

“ఆ పిల్లని దించెయ్.”

“ఏంటే?”

“ఎత్తుకుంది చాల్లే, దించెయ్. సోమవారం నించి దాని తట్టలో ఒక్క ముక్క వేశావంటే నా మీద ఒట్టే.”

క్లోటీ అప్పుడు తిరిగి చూసింది. ఇన్ని నెలల తర్వాత వెర్లీన్ మొహం చూడడం అదే. “దించితే పడిపోద్దే! దానికి నిలబడే ఓపిక ఎక్కడుంది?”

“పడనీ. బెల్టు పక్కనే పడనీ, సూపర్‌వైజరు కాళ్ళ మీద పడనీ. అంబులెన్సు రానీ. ఆసుపత్రిలో మంచం వెయ్యనీ. అట్టయితేగానీ దానిది జబ్బని ఎవరూ ఒప్పుకోరు.”

వెర్లీన్ వెనక, తలుపు దగ్గర నిలబడి షవోండా ఏడుపు మొదలుపెట్టింది. “అందరి ముందూ పడిపోతే ఎంత సిగ్గు పెద్దమ్మా!”

“పడకుండా నిలబడ్డదాని గతి చూస్తన్నావుగా,” అంది వెర్లీన్.

సోమవారం సాయంత్రం ఫోను మోగింది. అటువైపు క్లోటీ.

“పడిందే వెర్లీనూ. భోజనాల బెల్లు కాకముందే పడింది. తల బెల్టు అంచుకి కొట్టుకుంది. ఒంట్లో రక్తం సగం కూడా లేదంట. అంబులెన్సులో తీసుకుపోయారు. రాత్రికి ఉంచుతారంట, ఆపరేషను కూడా ఉంటదంట. నా పక్కనే పడిందే. చెయ్యి చాస్తే అందేది.”

“చాచలేదుగా?”

“చాచలేదు.”

“దేవుడికి స్తోత్రం,” అంది వెర్లీన్.